పలక వెనక రెండు చెక్క ముక్కలు

మా అల్లుడు నన్ను క్షమించాడు. నేను చెయ్యని తప్పుకి, నేను అడక్కుండానే, పదిమంది ముందు క్షమించాడు. దానికంటే పెద్ద అన్యాయం నాకు ఇంతవరకు జరగలేదు. ఇందులో రెండో మాట లేదు. జరిగింది ఒక్కసారి చెబుతాను.

నేను డిష్ యాంటెన్నాలు బిగించే మేస్త్రిని. ముప్పై ఒక్క ఏళ్ళు అదే షెడ్డులో పనిచేశాను. రేకును అచ్చులో నొక్కి గిన్నెలా చెయ్యడం లోపలివాళ్ళ పని. దాన్ని మేడ మీదికి ఎక్కించి, కాళ్ళు బిగించి, ఆకాశంలో ఉపగ్రహం ఉన్నచోటికి దాని మొహం తిప్పడం నా పని. ఒక వెంట్రుక తేడా వచ్చినా టీవీలో బొమ్మ రాదు. కొత్తవాళ్ళు మీటరు పట్టుకుని గంటసేపు తిప్పుతారు. నేను అరచెయ్యి ఎత్తుతాను. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ బొమ్మ ఉంటుంది. ఇది గొప్పకి చెప్పడం లేదు. అరచెయ్యి ఉన్నట్టే ఇదీ ఉంది.

మా అల్లుడు అదే షెడ్డులో డిజైను గదిలో కూర్చుంటాడు. ఆ గదికి తలుపుంది, చల్లగాలి మిషనుంది. అతను ఒక్క మేడ కూడా ఎక్కలేదు. ఎత్తు చూస్తే కళ్ళు తిరుగుతాయట. ఈ సంబంధం తెచ్చింది నా భార్య. "నిదానస్తుడు, మన పిల్లని ఒక్క మాట అనడు" అంది. పెళ్ళి చేసి ఏడాది తిరక్కుండా పోయింది. ఇప్పుడు నేను ఎవర్ని నిలదియ్యాలి? ఆవిడ పద్ధతే అంత. పని మొదలుపెట్టి మధ్యలో వదిలేసేది.

ఇల్లు దొరికేదాకా అని కూతురూ అల్లుడూ నా ఇంటి ముందుగదిలోకి వచ్చారు. మూడేళ్ళయింది. ఇల్లరికం అని నేను ఎప్పుడూ అనలేదు. అనుకున్నాను, అంతే.

అతను నన్ను "మామయ్యా" అంటాడు. నేను మామూలుగా అతన్ని ఏమీ అనను. కోపం వస్తే మాత్రం "అల్లుడుగారూ" అంటాను. మా ఇంట్లో ఆ మాట చాలాసార్లు వినపడింది.

ఇక గొడవలోకి వస్తాను. ఊరి చివర నాలుగు వందల ఇళ్ళ కాంప్లెక్సు కట్టారు. దాని బాగోగులు చూసే ఇంజనీరమ్మ మా షెడ్డుకి వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మేము వరసగా పేర్చిన డిష్‌లను చూసి ముక్కు చిట్లించింది.

"ఈ మూకుళ్ళు నా గోడల మీద వద్దు. గాలొస్తే ఊగుతాయి, పావురాలు గూళ్ళు పెడతాయి, బయటినుంచి చూస్తే బిల్డింగుకి చెవులు మొలిచినట్టుంటుంది. గోడకి అంటుకుని పటంలా ఉండేది కావాలి. ఉందా?"

మా ఓనరమ్మ నా వైపు చూసింది. నేను లేదన్నాను. మా అల్లుడు ఉందన్నాడు.

రెండేళ్ళుగా అతను ఆ గదిలో తలుపేసుకుని చేస్తున్నది అదేనట. బల్లపరుపు యాంటెన్నా. లోపలికి వెళ్ళి తెచ్చి చూపించాడు. చదరంగం బల్లకంటే కాస్త పెద్దది, రెండు వేళ్ళ మందం. పైన తెల్ల ప్లాస్టిక్కు మూత. మూత తీస్తే లోపల వందల కొద్దీ చిన్న చిన్న రాగి చదరాలు, వాటినుంచి వంకర్లు తిరుగుతూ గీతలు. షెడ్డులో అందరూ దాన్ని పలక అన్నారు. నాకూ అలాగే కనపడింది. చిన్నప్పుడు మా బళ్ళో పలక మీద నాకు లెక్కలు వచ్చేవి. టీవీ రాలేదు.

ఇంజనీరమ్మ రెండు వారాల గడువిచ్చింది. మా షెడ్డు మేడ మీద గోడకి బిగించి, తన కళ్ళముందు బొమ్మ చూపిస్తే నాలుగు వందలకీ ఆర్డరు. లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటుంది. ఆమె కారు గేటు దాటాక ఓనరమ్మ, "ఇది రాకపోతే షెడ్డుకి తాళమే" అంది. ఆవిడ వట్టి మాటలు అనదు.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర మా అల్లుడు చెంచాలు పేర్చాడు.

"ఇవి రాగి చదరాలనుకోండి మామయ్యా. సిగ్నలు పైనుంచి ఏటవాలుగా వస్తుంది. పై వరసకి ముందు తగులుతుంది, కింది వరసకి కాస్త ఆలస్యంగా. అందుకని పై వరసకి పొడుగు గీత పెట్టాను, కింది వరసకి పొట్టి గీత. ముందొచ్చినవాడికి చుట్టుదారి, వెనకొచ్చినవాడికి దగ్గరదారి. అందరూ ఒకేసారి గుమ్మం దగ్గర కలుస్తారు. కలిస్తేనే బలం. ఒకడు ముందు, ఒకడు వెనక వస్తే ఒకర్నొకరు చెరిపేసుకుంటారు."

"ఈ ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ఏనాడూ ఒకేసారి గుమ్మం దగ్గర కలవలేదు" అన్నాను.

"అందుకే ఒకర్నొకరు చెరిపేసుకుంటున్నాం" అంది మా అమ్మాయి, చెంచాలు లాక్కుంటూ. "తినడానికి ఒక్కటైనా మిగల్చండి."

"ఉపగ్రహం పైన ఉంది. నీ పలక ఎదురుగా చూస్తుంది. పైకి చూడనిది పైనున్నదాన్ని ఎలా పడుతుంది?"

"మొహం ఎదురుగానే ఉంటుంది మామయ్యా. చూపు మాత్రం పైకి ఉంటుంది. ఆ చూపు గీతల్లోనే పెట్టేశాను."

"అలాంటి మనుషుల్ని చూశాను. ఒకరు నా ఎదురుగానే కూర్చున్నారు."

అతను నవ్వాడు. నా మాటలకి అతను నవ్వుతాడు. అది నాకు గిట్టదు. తిడితే పడాలి, లేదా తిరిగి తిట్టాలి. ఈ నవ్వడం ఏమిటి?

"అల్లుడుగారూ, ఆ పలక గోడకి అంటుకుని బొమ్మ పడితే నేను మేస్త్రి పని మానేస్తాను. పానా ఓనరమ్మ చేతిలో పెట్టి ఇంటికొస్తాను. పట్టకపోతే మీరు ముందుగది ఖాళీ చెయ్యండి."

"నాన్నా! ఏం మాటలవి?"

"అతను నా మాటని నవ్వులాట చేస్తున్నాడు. నేను నవ్వులాటకి అనలేదు."

అతను ఈసారి నవ్వలేదు. చేతిలో మిగిలిన ఒక్క చెంచా బల్ల మీద పెట్టాడు. "సరే మామయ్యా" అన్నాడు.

మా అమ్మాయి మా ఇద్దర్నీ చూసింది. "పట్టినా నష్టమే, పట్టకపోయినా నష్టమే. భలే పందెం వేశారు. ఇద్దరికీ కలిపి ఒక బుర్ర ఉన్నా బాగుండేది" అని లోపలికి పోయింది. దానికి తల్లి నోరు వచ్చింది. తల్లి వంట రాలేదు.

రెండు వారాలూ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. నాకు ఇబ్బందిగా లేదు. గడువుకి ముందురోజు సాయంత్రం పలకని మేడ మీద మెట్ల గది గోడకి బిగించారు. బిగించింది నా దగ్గర పని నేర్చుకున్నవాడే, నత్త అంటాం. నిదానం కాబట్టి నత్త, చేసిన బిగింపు ఊడదు కాబట్టి కూడా నత్తే. మనిషి ఎత్తుకి పైన, నాలుగు మూలలా నాలుగు పొడుగు బోల్టులు. మా అల్లుడు మెట్ల మీదే నిలబడి, గోడ పట్టుకుని, రసమట్టం పెట్టి చూడమని కేకలేశాడు. కేబులు ఇంకా లాగలేదు. అది పొద్దున్నే లాగుతామన్నారు. కాబట్టి గోడ మీద బొమ్మ వచ్చేదీ రానిదీ ఆ రోజు ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున లేచేసరికి ముందుగదిలో అట్టపెట్టెలున్నాయి. మా అమ్మాయి పుస్తకాలు సర్దుతోంది. తల్లి కుట్టుమిషను కూడా తుడిచి పక్కన పెట్టింది.

"అది కూడానా?"

"అమ్మ నాకిచ్చింది నాన్నా. నువ్వు దాని మీద తడిబట్టలు ఆరేస్తావు."

"ఇంకా బొమ్మ వచ్చేదీ లేనిదీ తెలియలేదుగా?"

"నువ్వు ఒకసారి అరచెయ్యి ఎత్తి రాదన్నాక ఎప్పుడైనా వచ్చిందా?"

నిజమే, రాలేదు. టేపు చర్రుమని లాగి పెట్టెకి అంటించింది. ఆ టేపు చప్పుడు నాకు పడదు. టీ కూడా తాగకుండా షెడ్డుకి వెళ్ళిపోయాను.

ఏడు గంటలకి షెడ్డులో ఎవరూ లేరు. వాచ్‌మన్ గేటు తీసి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. బిగించిన ప్రతిదాన్నీ మర్నాడు పొద్దున ఒకసారి చేత్తో తాకి చూడటం నా అలవాటు. ఎవరు బిగించినా సరే. మేడెక్కాను.

పలక గోడకి అంటుకుని ఉంది. ఎదురింటి నీళ్ళ ట్యాంకుని చూస్తోంది. ఆకాశం అంత పైన ఉంటే, అది ట్యాంకు మీద పిట్ట రెట్టల్ని లెక్కపెట్టుకుంటోంది. నేను అరచెయ్యి ఎత్తాను. చెయ్యి ఎప్పుడూ ఆగేచోటే ఆగింది. పలక మొహం ఎక్కడ, నా చెయ్యి ఎక్కడ? ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ యాంటెన్నానీ నేను అంత దిక్కుమాలిన స్థితిలో చూడలేదు. పదిమంది ముందు శిక్ష వేసి గోడకి ఆనించి నిలబెట్టిన పిల్లాడిలా ఉంది.

అది పోవాలని పందెం కాసినవాడిని నేను. ఊరికే కిందికి దిగిపోతే చాలు. దిగలేదు.

మూల పడున్న పాత ప్యాకింగు పెట్టెలోంచి ఒక చెక్క తీశాను. బొటనవేలి మందం ఉంది. రెండు ముక్కలు కోశాను. ఒక్కో ముక్కకి బోల్టు పట్టేలా గాడి తీశాను. నిచ్చెన వేసుకుని, కింది రెండు నట్లూ వదులు చేసి, గోడకీ పలకకీ మధ్య చెరో ముక్కా దూర్చి మళ్ళీ బిగించాను. పలక అడుగు కాస్త ముందుకి వచ్చింది. మొహం కాస్త పైకి లేచింది. నా చెయ్యి చూపిన చోటికి ఇంకా చాలా దూరమే. కానీ గోడకి అంటుకున్నట్టు కనపడాలి కదా, అంతకంటే ఎత్తలేదు. ఎదురుగా నిలబడి చూశాను. ముక్కలు కనపడటం లేదు. పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది. మా అల్లుడు దేన్నీ పక్కనుంచి చూడడు. మీటరునే చూస్తాడు.

కిందికొచ్చి టీ తాగాను. ఎందుకు పెట్టావని నన్ను నేను అడగలేదు. అవతల అది అలా గోడకి అంటుకుని నిలబడి ఉంటే ఇవతల నాకు టీ దిగదు, అంతే.

పదింటికి ఇంజనీరమ్మ వచ్చింది. ఓనరమ్మ, నత్త, షెడ్డులో సగం మంది మేడెక్కారు. సెలవు పెట్టి మా అమ్మాయి కూడా వచ్చింది. మా అల్లుడు మేడ మధ్యలో నిలబడ్డాడు. అంచుకి రాలేదు. కేబులు తగిలించారు. టీవీ పెట్టారు.

తెర నల్లగా ఉంది.

మీటరు చూశాడు. కేబులు మార్చాడు. సెట్‌టాప్ పెట్టె మార్చాడు. టీవీని రెండుసార్లు తట్టాడు. ఇంజనీరయిన మనిషి టీవీని తడితే అయిపోయినట్టే.

"నిన్న పొద్దున కింద స్టాండు మీద వచ్చింది మేడమ్. ఖచ్చితంగా వచ్చింది."

"నా గోడల మీద స్టాండ్లు ఉండవు" అంది ఇంజనీరమ్మ. గడియారం చూసుకుంది. అరగంట గడిచింది. మళ్ళీ చూసుకుంది. ఓనరమ్మ గేటు వైపు చూస్తోంది. ఆ చూపు తాళం కోసం అని నాకు తెలుసు.

మా అమ్మాయి నా పక్కకి వచ్చింది. గట్టిగా కూడా అనలేదు.

"సంతోషమేనా నాన్నా?"

పందెం నేను గెలిచాను. సంతోషం ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. దానికి బదులు కోపం దొరికింది. ఆ పలక మీద. నా చేత్తో నేను మొహం ఎత్తి పెట్టాక కూడా బొమ్మ పట్టని యాంటెన్నా అదొక్కటే. ఆ కోపంలోనే అన్నాను.

"నేను ముక్కలు పెట్టి ఎత్తినా రావడం లేదంటే ఇక జన్మలో రాదు."

మా అల్లుడు మీటరు మీదనుంచి తల ఎత్తాడు.

"ఏం ముక్కలు మామయ్యా?"

"చెక్క ముక్కలు. కింద రెండు. పొద్దున పెట్టాను."

అతను మేడ అంచుదాకా నడిచాడు. మొదటిసారి చూశాను అంచుదాకా నడవడం. పక్కనుంచి చూశాడు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"మామయ్యా, పైకి చూపు గీతల్లోనే ఉందని చెప్పానుగా! మీరు ఇంకా ఎత్తారు. అది ఇప్పుడు ఉపగ్రహం నెత్తి మీదుగా చూస్తోంది. దాని చూపు దారమంత సన్నం. వేలెడు ఎత్తినా పక్కకి పోతుంది!"

"మరి ట్యాంకుని చూస్తూ ఉంటే..."

"ట్యాంకుని కాదు చూసేది!"

నత్త నిచ్చెనెక్కాడు. నత్త ఎక్కడమంటే తెలుసు కదా. ఒక్కో మెట్టూ ఎక్కేసరికి ఇంజనీరమ్మ రెండుసార్లు గడియారం చూసింది. ముక్కలు తీశాడు. నట్లు బిగించాడు.

తెర మీద ఒకామె కుక్కపిల్లకి స్నానం చేయిస్తోంది. అంత స్పష్టమైన కుక్కని నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్కో వెంట్రుకా వేరుగా కనపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. కుక్కకి కొట్టినట్టుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

"మేస్త్రీ, ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోవాలయ్యా. షెడ్డు మీదికి తెస్తావా?" అంది ఓనరమ్మ.

"నేను సాయం చేశాను" అన్నాను.

షెడ్డంతా నవ్వింది. నత్త కూడా నవ్వాడు, అందరూ ఆపాక.

"పోనీలెండి. చివరికి మనసొప్పక బయటపెట్టారుగా. అందరిముందూ ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి" అంది ఇంజనీరమ్మ. ఆమె నన్ను మెచ్చుకుంటోంది! నేను దేనికి ఒప్పుకున్నాను? పలక మీద ఫిర్యాదు చేశాను.

"అమ్మా, అది ట్యాంకుని చూస్తోందని..."

"వద్దు నాన్నా, ఇక చాలు" అంది మా అమ్మాయి. దాని కళ్ళనిండా నీళ్ళు. "నువ్వు చెప్పేశావు. అదే చాలు."

అప్పుడు అల్లుడు నా దగ్గరికి వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అందరూ చూస్తుండగా, ఆ కుక్క కూడా చూస్తుండగా అన్నాడు.

"నేను మనసులో ఏమీ పెట్టుకోను మామయ్యా. మిమ్మల్ని క్షమించేశాను."

నేను చేతులు విడిపించుకున్నాను. జేబులోంచి పానా తీసి ఓనరమ్మకిచ్చాను. బొమ్మ పట్టింది, నేను పని మానేస్తున్నానన్నాను. పందెం ఓడినవాడికి ఓడిన మర్యాదైనా మిగలాలి. అల్లుడు ఆ పానాని ఓనరమ్మ చేతిలోంచి తీసుకుని మళ్ళీ నా జేబులో పెట్టబోయాడు. "పందేలెందుకు మామయ్యా, అదంతా మర్చిపోదాం" అన్నాడు. నన్ను ఓడిపోనివ్వలేదు కూడా! పానా అక్కడే నేల మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి పెట్టెలు విప్పింది. కుట్టుమిషను మళ్ళీ దాని చోటికి వచ్చింది. నేను దాని మీద తడిబట్టలు వెయ్యలేదు. ఎవరూ గమనించలేదు.

తొమ్మిది రోజులు ఇంట్లో కూర్చున్నాను. పదోరోజు మధ్యాహ్నం నత్త వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకున్నాడు.

"గురువుగారూ, కాంప్లెక్సులో నలభై పలకలు బిగించాం. బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోంది. మొహాలు పగిలిపోతున్నాయి. ఇంజనీరమ్మ అరుస్తోంది. ఓనరమ్మ మిమ్మల్ని రమ్మంది."

"నేను మానేశాను."

"మానేసినా రమ్మంది."

వెళ్ళాను. అందరూ మొదటి బ్లాకు కింద నిలబడి ఉన్నారు. అల్లుడు మీటరు చూస్తున్నాడు. నేను గోడ పక్కకి వెళ్ళి, మూలనుంచి ఒంటికన్నుతో చూశాను. నలభై పలకలు, ప్రతిదాని అడుగూ గోడకి ఎడంగా ఉంది. వరసగా, ఒక్కటి కూడా తేడా లేకుండా. పని మాత్రం శుభ్రంగా ఉంది.

"నత్తా, ఇటు రా. ఆ సందులో ఏమిటి?"

"చెక్క ముక్కలు గురువుగారూ."

"ఎందుకు పెట్టావురా?"

"గోడకేసి కొట్టినట్టు వదిలేద్దామంటే చెయ్యి ఊరుకోలేదు. మీరు బొటనవేలు మందం పెట్టారు, అది ఎక్కువైంది. అందుకని మేము చిటికెనవేలు మందమే పెట్టాం."

నా గుండె మీది బరువు దిగింది. ఇదిగో సాక్ష్యం! వీడికి మా అల్లుడి మీద పగ లేదు. వీడు ఎవరితోనూ పందెం కాయలేదు. అయినా పెట్టాడు. డిష్‌లు బిగించిన ఏ చెయ్యైనా పెడుతుంది. నేను కావాలని చెడగొట్టలేదని ఇంతకంటే ఎలా రుజువు కావాలి? ఓనరమ్మని పిలిచాను. వాడు అన్నది మళ్ళీ ఆవిడ ముందు అనమన్నాను. వాడు అక్షరం పొల్లుపోకుండా అన్నాడు.

ఓనరమ్మ వాడి వైపు చూసింది. "ఇలా పెట్టాలని నీకు ఎవరు నేర్పారు?"

నత్త ఛాతీ విరుచుకున్నాడు. "మా గురువుగారేనండీ. నాకు తెలిసిందంతా ఆయన నేర్పిందే."

ఓనరమ్మ నా వైపు తిరిగింది. "ఇంట్లో కూర్చుని కూడా మనుషుల్ని పెట్టి చేయిస్తున్నావా మేస్త్రీ?"

నేను నోరు తెరిచేలోపే అల్లుడు ముందుకి వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వదిలెయ్యండి మేడమ్. పెద్దాయన. నేను ఏమీ అనుకోవడం లేదు."

రెండోసారి!

ఎనభై చెక్క ముక్కలు. ఆ సాయంత్రంలోపు నేనే తీశాను. ఎవరూ చెయ్యమనలేదు. తప్పు బిగింపుని గోడ మీద వదిలి వెళ్ళడం నాకు చేతకాదు. నత్త కింద నిచ్చెన పట్టుకున్నాడు. చివరి ఇంట్లో ఒక ముసలావిడ కిటికీలోంచి తొంగిచూసి, "నీవల్లే బొమ్మ వచ్చింది నాయనా, చల్లగా ఉండు" అంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దక్కిన ఒకే ఒక్క మంచి మాట అది. ఆవిడకి అసలు సంగతి తెలియదు కాబట్టి అంది.

మా అల్లుడు డిజైను మార్చాడు. మిగిలిన పలకలకి బోల్టుల్లేవు. వీపంతా జిగురు. గోడకి అంటిస్తే అంటుకున్నట్టే, మధ్యలో కాయితం ముక్క కూడా దూరదు. డిజైను కాయితం మీద దానికి ఏదో అంకె ఉంది. షెడ్డులో మాత్రం అందరూ 'మామ మోడల్' అంటారు. బాగా అమ్ముడుపోతోందట.

నేను మళ్ళీ పనిలోకి వెళ్ళలేదు. పందెం అంటే పందెం. అది పందెం కాదని వాళ్ళు ఎన్నిసార్లు అన్నా సరే.

నిన్న సాయంత్రం మా అమ్మాయి నా పక్కన కూర్చుంది. అల్లుడు ఇంకా ఇంటికి రాలేదు.

"నాన్నా, మనిద్దరమే ఉన్నాం. నాతో నిజం చెప్పు. ఆ రోజు కావాలనే పెట్టావు కదా? నేనేమీ అనను."

"కాదు."

"మరి ఎందుకు పెట్టావు? ఆయన ఓడిపోవాలని నువ్వేగా పందెం కాశావు. ఆయన గెలవాలని ఎందుకు అనుకుంటావు?"

మంచి ప్రశ్నే. దానికి జవాబు నాకు తెలుసు. ఆ జవాబు చెబితే, ఆ ముందుగదిలో ఎవరుంటే నాకేం, లేకపోతే నాకేం అని మూడేళ్ళుగా నేను అన్న మాటలన్నీ నేనే మింగాలి. దాని తల్లి ఉంటే అడగకుండానే పట్టేసేది, పట్టేసి ఊరుకునేది. ఇది తల్లిలా ఊరుకునే రకం కాదు.

లేచి చెప్పులేసుకున్నాను. "టీకి పాలు లేవు, తెస్తాను" అన్నాను.

"పాలున్నాయి నాన్నా."

"అయితే పంచదార తెస్తాను."

వీధిలోకి వచ్చేశాను. చెప్పాల్సింది ఇక్కడ రాశాను. మళ్ళీ రాయను. కూతురు అడిగినా, అల్లుడు అడిగినా, ఓనరమ్మ ఇంటికొచ్చి అడిగినా ఆ చెక్క ముక్కల గురించి ఇక నా నోటినుంచి ఒక్క ముక్క రాదు.